దూలగొండి గింజా, అడగని ప్రశ్నా

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న వైద్య, నర్సింగ్ విద్యార్థులకు దూలగొండిని పరిచయం చెయ్యక్కర్లేదు. నూగు తగిలితే ఒళ్లంతా దురదే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి ఆ గింజల్లోంచి లెవోడోపాను వేరుచేశారు. సరిగ్గా ముప్పై ఏళ్లకు అమెరికాలో జార్జ్ కోట్జియాస్ డోపాను పెద్ద మోతాదుల్లో ఇచ్చి, బిగుసుకుపోయిన పార్కిన్సన్స్ రోగులను లేపి నడిపించాడు. ఆయుర్వేదం మాత్రం ఆ గింజను కంపవాతానికీ వాజీకరణానికీ కూడా వాడుతూనే ఉంది. డోపమైన్‌కు కదలికతో ఎంత పనో, కోరికతోనూ అంత పని మరి!

చెయ్యి వణికితే ఊరంతా చూస్తుంది. మగవాళ్లలో అంగస్తంభన తగ్గడం, ఆడవాళ్లలో యోని పొడిబారడం, ఇద్దరిలోనూ కోరిక అణగడం ఎవరికి కనిపిస్తాయి? స్వయంచాలక నాడులు దెబ్బతినడం ఒక కారణం, దిగులు మరొకటి. మంచం మీద ఒత్తిగిలలేకపోవడమూ చిన్న సంగతి కాదు.

ఒక్కోసారి కథ తిరగబడుతుంది. 3,090 మంది రోగులతో 2010లో వెలువడిన డొమినియన్ అధ్యయనంలో 3.5 శాతం మందికి లైంగిక వాంఛ అదుపు తప్పింది. జూదం, అతిగా కొనడం, అతిగా తినడం కూడా కలిపితే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడేవారిలో 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు ఇదేం పోయేకాలమని ఊరు నవ్వుతుంది, ఇల్లాలు నోరు మెదపదు. తప్పు చాలావరకు మాత్రది. అలాగని ఇంట్లోవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఆందోళన, కుంగుబాటు మీదపడతాయి. మెల్లగా తగ్గించాల్సింది డాక్టరే.

అంగస్తంభన తగ్గిన పార్కిన్సన్స్ రోగులకు సిల్డెనఫిల్ పనికొస్తుందని 2001లో బ్రిటన్‌లో ఒక చిన్న పరీక్షలో తేలింది. చూడ్డానికి అలాగే ఉండే మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీలో మాత్రం అది రక్తపోటును ప్రమాదకరంగా పడగొట్టింది. చీటీ రాసేముందు పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ చూడాలి. గుండెకు నైట్రేట్లు వాడేవారికి అసలు ఇవ్వకూడదు.

స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరాన్ని ఉత్తరంలో తన లైంగిక సందేహాలు అడిగినవాడు, ఎదురుగా కూర్చున్న డాక్టరును అడగడు. అందుకే ముందు నోరు తెరవాల్సింది డాక్టరో, నర్సో. చిట్టమూరు నుంచి నాయుడుపేట మీదుగా తిరుపతి స్విమ్స్‌కు వచ్చిన జంటలో ఇల్లాలిని కాసేపు విడిగా కూర్చోబెట్టి, "ఈ మాత్ర మొదలెట్టాక ఆయన తీరు ఏమన్నా మారిందామ్మా?" అంటే చాలు. రోగి ఆమే అయితే ఆ ప్రశ్న ఆమెనే అడగాలి. ఆమెకూ కోరిక ఉంటుందన్న సంగతే ఓపీలో చాలామందికి తట్టదు.