చిగుళ్లలో తెల్లకణం



పళ్లు కదులుతున్నాయని ఎవరైనా బిడ్డను తీసుకొస్తే మా గురువుగారు ముందు అరచేతులు చూసేవారు. ఆయన పేరిట జరుగుతున్న ఈ ఉపన్యాసంలో ఆ అలవాటు వెనకున్న శాస్త్రం గురించే చెబుతాను.

అరచేతులు, అరికాళ్లు మందమై పెచ్చులు కట్టి, మూడు నాలుగేళ్లకే పాలపళ్లు ఊడిపోయే జబ్బును 1924లో పాపియాన్, లెఫెవ్ర్ అనే ఫ్రెంచి వైద్యులు వర్ణించారు. పాలపళ్లు పోగానే చిగుళ్లు మామూలుగా ఆరిపోతాయి. శాశ్వత దంతాలు వచ్చాక మళ్లీ అదే వాపు, అదే చీము. పదిహేను పదహారేళ్లకు నోరు బోసిపోతుంది. కారణం 1999లో దొరికింది: కెథెప్సిన్ సి అనే ఎంజైము జన్యువులో లోపం. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం తనలో దాచుకునే ఆయుధాలకు పదును పెట్టేది ఈ ఎంజైమే. అమ్మ నుంచీ నాన్న నుంచీ లోపమున్న ప్రతులు రెండూ కలిస్తేనే జబ్బు వస్తుంది. మేనరికాలున్న మన ఇళ్లలో ఇది గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇక బాక్టీరియా మాట. అగ్రిగేటిబాక్టర్ అనే సూక్ష్మజీవి తెల్లకణాలను చంపే విషం వదులుతుంది. దాని జేపీ2 రకం ఆ విషాన్ని మరీ ఎక్కువగా తయారుచేస్తుంది. ఈ రకం ఉన్న బడిపిల్లలకు పంటి పట్టు సడలే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువని 2008లో అచ్చయిన మొరాకో అధ్యయనం చూపింది. తెల్లకణం మీద ఆ విషం పట్టుకునేది సీడీ18 అనే ప్రొటీనును.

మరి పుట్టుకతోనే సీడీ18 లేని పిల్లల సంగతేమిటి? విషానికి పట్టు దొరకదు కనుక వాళ్ల చిగుళ్లు బాగుండాలి. కాని అవే అందరికంటే అధ్వాన్నం. ఆ ప్రొటీను లేనిదే న్యూట్రోఫిల్ రక్తనాళం గోడను పట్టుకుని బయటికి రాలేదు. రక్తంలో తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి, పుండు దగ్గర కనబడవు. అందుకే పుండు పడుతుంది గాని చీము పట్టదు. పుట్టిన బిడ్డకు బొడ్డు వారాలు గడిచినా ఊడదు.

కాపలా లేక బాక్టీరియా లోపలికి చొరబడుతోందని చాలాకాలం అనుకున్నారు. 2014లో అమెరికాలో నికీ మౌత్సోపౌలోస్ బృందం పరీక్షిస్తే బాక్టీరియా పంటి మీదే ఉంది. చిగురులో మాత్రం ఐఎల్-23, ఐఎల్-17 అనే వాపు సంకేతాలు అదుపు తప్పి ఉన్నాయి. మామూలుగా న్యూట్రోఫిల్ వచ్చి, పని ముగించి చనిపోతే, దాన్ని మింగిన కణాలు వాపు చాలించే సంకేతమిస్తాయి. ఇక్కడ అది రానే రాదు, వాపు ఆగదు, ఎముక కరుగుతుంది. 2017లో ఇలాంటి ఒక రోగికి ఐఎల్-23ను అడ్డుకునే, సోరియాసిస్‌కు వాడే ఉస్టెకినుమాబ్ అనే మందు ఇస్తే చిగుళ్ల వాపు తగ్గింది, నడుము కింద ఎంతకీ మానని పుండూ మానింది.

అది ఒక్క రోగి అనుభవం. లోపం తీవ్రంగా ఉన్న పిల్లలకు మూలకణ మార్పిడే ఆధారం, అది ఆలస్యం కాకూడదు. అందుకే దంతవైద్యం చదువుతున్న మిమ్మల్ని బతిమాలుతున్నాను. నాలుగేళ్ల బిడ్డకు పళ్లు పుచ్చకుండానే కదులుతుంటే సరిగా తోమించడం లేదని తల్లిని కసరకండి. బొడ్డు ఎప్పుడు ఊడిందో అడగండి, తెల్లకణాల లెక్క ఆ రోజే చేయించండి.