వరద తీసిన పిమ్మట ఇంటి లెక్క

నీరు తీసిన మరునాడు ఇంటివారు మొదట చూచునది గోడను. బురద గీత ఎంత ఎత్తున నిలిచినదో అదియే వారి నష్టమునకు సాక్ష్యము. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు అట్టి గీతలు వేలాది గోడలపై మిగిలినవి. పరుపులు, బియ్యపు డబ్బాలు, ఫ్రిజ్‌లు, కుట్టుమిషన్లు, పిల్లల పుస్తకములు వీధినపడినవి. అట్టి ఇండ్లలో బీమా గల వస్తువు ఉన్నచో అది బహుశః మోటారు సైకిలొక్కటే. ఆ బీమాయైనను పెక్కుమందికి ఎదుటివాని నష్టమునకే గాని తమ బండికి వర్తింపదు.

ఇట్టి కుటుంబమునకు ప్రభుత్వమేమి ఇచ్చును? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ననుసరించి ప్రతి రాష్ట్రమునకు ఒక విపత్తు సహాయనిధి ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణము వంటి రాష్ట్రములలో అందు నూటికి 75 పాళ్లు కేంద్రము భాగము. 2022-26 కాలమునకు చేసిన నిబంధనలలో, మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000. ఇల్లు కొట్టుకొనిపోయిన కుటుంబమునకు బట్టలకు 2,500, పాత్రసామానులకు మరియొక 2,500. దస్త్రములతో దినదినము మెలగు ఈ సభలోనివారు ఇందొక మాటను ఇట్టే పట్టుకొనగలరు. ఇది సహాయమే గాని నష్టపరిహారము కాదని కేంద్రము పార్లమెంటునందు పలుమారులు చెప్పియున్నది. పోయినదెంత అను ప్రశ్న ఆ పట్టికలో లేనేలేదు.

అందుచేతనే రాష్ట్రములు పైన కొంత చేర్చుచు వచ్చినవి. 2018 వరదలలో కేరళ ప్రభుత్వము ఇంటింటికిచ్చిన 10,000 రూపాయలలో 3,800 మాత్రమే విపత్తు నిధిది. తక్కిన 6,200 ముఖ్యమంత్రి సహాయనిధి నుండి వచ్చినవి. విజయవాడలో 2024లో క్రింది అంతస్తువారికి 25,000, పై అంతస్తులవారికి 10,000 ప్రకటించిరి. ఈ భేదము న్యాయమైనదే. మేడమీదివానికి వంటింటిలో నీరు రాలేదు. కాని దినకూలి పోయినది ఇద్దరికిని. దానికి ఏ అంతస్తున లెక్క లేదు.

అసలు చిక్కు అద్దెవారిది. గోడ యజమానిది, గోడలోపల పోయిన సామాను అద్దెవానిది. గణకుడు వచ్చునప్పటికి ఆ అద్దెవాడు పిల్లలను తీసికొని అత్తవారి ఊరికి పోయియుండును, తలుపునకు తాళము. అతని ఆధార్ కార్డుపై చిరునామా ఇంకను స్వగ్రామముదే. కరెంటు బిల్లు యజమాని పేరిట, అద్దె ఒప్పందము నోటిమాట. నీరు అతని ఇంటనే నిలిచినదనుటకు ఇరుగుపొరుగుల మాట తప్ప కాగితమేదియు మిగులదు. పట్టికలో పేరెక్కుటయే అట్టివానికి సగము సహాయము.

పేరెక్కినను ఆలస్యము తప్పదు. 2020 అక్టోబరు వరదల పిమ్మట హైదరాబాదున ఇంటికి 10,000 రూపాయలు మొదట చేతికే పంచిరి. తరువాత మీసేవ కేంద్రముల ముందు వరుసలు పెరిగినవి. నవంబరున నగరపాలక ఎన్నికలు రాగా రాష్ట్ర ఎన్నికల సంఘము పంపిణీని నిలిపివేసినది. నియమము ప్రకారము అది సరియే కావచ్చును. వరుసలో నిలిచిన గృహిణికి మాత్రము ఆ నియమము అర్థమగుట కష్టము.

వరదకు వర్తించు ఇంటి బీమా లేకపోలేదు. 'భారత్ గృహ రక్ష' అను పాలసీ 2021 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలులోనికి వచ్చినది; సొంత ఇల్లు లేనివారు సామానుకైనను దీనిని తీసికొనవచ్చును. అయినను అద్దె, పాలు, బడిరుసుము చెల్లించిన తరువాత రాని వరదకై సొమ్ము తీయు సంసారములెన్ని? ఆ సంసారములు చేయగలిగినది మరియొకటి కలదు. చిరునామా మార్పించుకొనుట, అద్దెకు రసీదు పుచ్చుకొనుట, బ్యాంకు పుస్తకమును ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకపై నుంచుట. నీరు తీసిన దినమున గోడ కడుగుటకు ముందే ఆ బురద గీతను, దాని ప్రక్కన ఇంటి నంబరును కలిపి ఫొటో తీయించుట.