బొగ్గును చేత్తో పట్టి చూడండి

ఇవాళ పట్టా అందుకుంటున్న బిడ్డలారా,

రియాక్టరు అనగానే చాలామందికి అణువిద్యుత్తే గుర్తొస్తుంది. తాటిచెట్టుకు కట్టిన కల్లు లొట్టి కూడా రియాక్టరే. కంటికి కనబడని ఈస్టు అందులో రాత్రంతా పని చేస్తుంది. కాగజ్‌నగర్ పేపరు మిల్లు డైజెస్టరుదీ అదే తీరు: కర్ర ముక్కలు నింపి, మూత బిగించి, రసాయనాల్లో ఆవిరితో ఉడికించి, గుజ్జు దించి మళ్లీ నింపడం. మీ పుస్తకాల్లో అది బ్యాచ్ రియాక్టరు.

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో అమ్మోనియా తయారయ్యే రియాక్టరుకు ఈ నింపుడూ దింపుడూ లేవు. ఆవగింజంత నల్లటి ఇనుప పలుకుల సందుల్లోంచి నైట్రోజన్, హైడ్రోజన్ రాత్రింబవళ్లు పారుతూనే ఉంటాయి. 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలికి నూరు రెట్లు మించిన ఒత్తిడి. అంత చేసినా ఒక్క విడతలో అమ్మోనియాగా మారేది ఐదో వంతుకు అటూ ఇటూ. మారిందాన్ని చల్లబరిచి వేరుచేసి, మిగతా వాయువును మళ్లీ లోపలికి పంపాలి.

1980లో అక్కడ మొదలైన పాత ఎరువుల ఫ్యాక్టరీ ఈ హైడ్రోజన్‌ను బొగ్గు నుంచి తీసేది. 1999లో మూతపడింది. ఒడిశాలోని తాల్చేరులో అదే పద్ధతి, అదే ఏడు, అదే గతి. అమ్మోనియా శాస్త్రం ఎక్కడా తప్పలేదు. బూడిద ఎక్కువున్న మన బొగ్గును వాయువుగా మార్చే చోటే అసలు చిక్కు. దానికి తోడు కరెంటు అంతరాయాలు. ఆగిన ప్రతిసారీ మొదట్నుంచి వేడెక్కించాలి.

ఇప్పటి కొత్త ఫ్యాక్టరీ 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 3,850 టన్నుల యూరియా చేయగలదు. దాని ముడిసరుకు సముద్రతీరాన మల్లవరం నుంచి గొట్టంలో వచ్చే సహజవాయువు. సింగరేణి బొగ్గు మాత్రం పక్కనే ఉంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. తాల్చేరులో మళ్లీ బొగ్గుతోనే కడుతున్నారు. బూడిద పాలు తగ్గేలా, చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్ కలిపి వాడాలని అక్కడి ఆలోచన.

రియాక్టరు లెక్కలు మీకు వచ్చు. ఇక బొగ్గు దగ్గరికి వెళ్లండి. ఒకే సైజు పెళ్లలు రెండు చేతుల్లో పట్టుకుంటే బరువైనదాంట్లో రాయి పాలు ఎక్కువని తెలిసిపోతుంది. కాల్చి, ఆ రాయి మిగిల్చిన బూడిదను మీరే తూచండి. మీలో ఎంతోమంది నాన్నలు బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లే. ఏ బాయిలో, ఏ పొరలో రాయి కలుస్తుందో ఈ సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.