మువ్వన్నెల అర్థం

(స్వాతంత్ర్య దినోత్సవం నాడు దేవస్థాన కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం పతాకావిష్కరణ జరిగిన పిమ్మట నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. వ్యాకరణం చదువుకున్నవాణ్ణి కనుక పదంతోనే ఆరంభిస్తాను. జెండా పైపట్టీని మనం కాషాయం అంటాం. కషాయమంటే కాచి తీసిన రసం; దానితో రంగు వేసిన వస్త్రం కాషాయం. రంగు వేసిన బట్టకు పేరు ఏర్పడే తీరును పాణిని ఒక సూత్రంలో చెప్పగా, కాశికావృత్తి ఇచ్చిన ఉదాహరణల్లో ఇదొకటి. అయితే 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానంలోని మాట 'కేసరి'. అది కుంకుమపువ్వు వన్నె. నాబోటి వారికి ఇటువంటి భేదాలు పట్టుకోవడం ఒక వ్యసనం, మన్నించండి.

పదార్థం తెలిసినంత మాత్రాన భావం తెలిసినట్లు కాదు. ఆ పొరపాటు నేనే చేశాను.

సుమారు నలభై ఏండ్ల క్రితం పాఠశాలలో బోధిస్తున్న రోజులవి. ఆగస్టు పదిహేనున పిల్లలను వరుసగా నిలబెట్టి, పై రంగు హిందువులది, కింది రంగు ముస్లింలది, నడుమ తెలుపు తక్కినవారిది అని చెప్పాను. నా తెలుగు తరగతిలో పద్యాలు శ్రావ్యంగా చదివే ఒక ముస్లిం బాలుడు చేతిలోని కాగితపు జెండా చూచుకొని, "అయితే మాస్టారూ, నాది ఈ కింది ముక్క ఒక్కటేనా?" అని అడిగాడు. నేను నవ్వి ముందుకు సాగిపోయాను.

నేను చెప్పినది పూర్తిగా కల్పన కాదు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైనప్పుడు, కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్యగారు గాంధీజీ కోరికపై ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న పతాకాన్ని మూడు గంటల్లో సిద్ధం చేశారు. సభకు అందడం కాస్త ఆలస్యమైంది. అదే మంచిదైందని గాంధీజీ తరువాత వ్రాశారు. ఆ వ్యవధిలో ఇతర మతస్థులు ఆయనకు గుర్తుకు వచ్చారు, తెలుపు చేరింది. అప్పటి లెక్క నిజంగా మతాల లెక్కే.

కాని ఆ లెక్క నిలువలేదు. తమ రంగు ఏదని సిక్కులు ప్రశ్నించారు. పంచుకోవడం మొదలైతే ఎన్ని పట్టీలు చాలుతాయి? 1931లో ఏడుగురితో ఒక సంఘం ఏర్పడింది. మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు అందులో సభ్యులు. జెండా అంతా ఒకే కేసరి వర్ణంలో ఉండాలని వారు సూచించారు. కాంగ్రెస్ దానికీ ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయిలో కేసరి, తెలుపు, ఆకుపచ్చలను వరుసగా నిలిపి, ఈ రంగులకు మతపరమైన అర్థం లేదని స్పష్టంగా తీర్మానించారు. కేసరి ధైర్యత్యాగాలకు, తెలుపు శాంతిసత్యాలకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యాలకు గుర్తులన్నారు.

1947లో రాట్నం స్థానంలో సారనాథ స్తంభం మీది అశోకుని ధర్మచక్రం వచ్చింది. రాట్నం ఒక వైపు నుంచి చూస్తే తిరగబడి కనిపిస్తుంది, చక్రం రెండు వైపులా ఒకటే. ఆనాడు సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పై రంగును పాలకులు స్వలాభం విడిచి పనిచేయవలసిన వైరాగ్యంగా వివరించారు. ఆకుపచ్చను మట్టితోను, సమస్త ప్రాణులకు ఆధారమైన పచ్చని మొక్కతోను మనకున్న సంబంధంగా చెప్పారు. నాకు ఈ మాట మిక్కిలి ఇష్టం. అన్నం తినే ప్రతివాడికీ ఆ పట్టీతో బంధుత్వమున్నది కదా!

ఈ తీర్మానాల సంగతి ఉద్యోగవిరమణ తరువాత, తీరికగా చదువుకుంటున్నప్పుడు తెలిసింది. ఆనాటి బాలుడికి యాభై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. దొరికితే, "నాయనా, మూడు పట్టీలూ నీవే, చక్రమూ నీదే, తప్పు చెప్పాను" అనాలని ఉంది. ఇక్కడికి వచ్చిన వారిలో ఉపాధ్యాయులుంటే రేపు తరగతిలో నా పాత పాఠం మాత్రం చెప్పకండి.

అదిగో, నైవేద్యం గంట వినిపిస్తున్నది. ప్రసాదం స్వీకరించి వెళ్లండి.