ఎవరి పేరు చెప్పి ఈ శిక్ష?
బాల నేరస్తులు, పెద్దల విచారణ, మహిళా ఉద్యమం

(విజయవాడలో జరిగిన మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు వెంటనే సరేననలేకపోయాను. బాలల హక్కుల సంఘం వేదిక మీద బాల నేరస్తుల గురించి మాట్లాడటం సులువు. మహిళా సంఘం వేదిక మీద ఆడపిల్లల మీద జరిగే హింస గురించి మాట్లాడటమూ సులువే. రెండూ ఒకే కేసులో ఎదురుపడినప్పుడు ఏ పక్షాన నిలబడాలన్నదే కష్టం.

2024 జూలైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆడుకోవడానికి వెళ్ళిన ఎనిమిది తొమ్మిదేళ్ళ పాప ఇంటికి తిరిగి రాలేదు. ముగ్గురు మగపిల్లలు ఆ పాప మీద అత్యాచారం చేసి చంపేశారని పోలీసులు చెప్పారు. ఆ ముగ్గురూ పన్నెండు, పదమూడేళ్ళ బడిపిల్లలు. రోజుల తరబడి నీళ్ళల్లో గాలించినా పాప శవం దొరకలేదు. ముచ్చుమర్రి కృష్ణ ఒడ్డు ఊరు. ఆ నీళ్ళే శ్రీశైలం, సాగర్ దాటుకుని మన బ్యారేజీకి వస్తాయి.

ఆ తల్లి ఇవాళ మన మధ్య కూర్చుని ఉంటే నేను చెప్పబోయే మాటలు ఆమె ముఖం చూసి చెప్పగలనా? ఈ ప్రసంగం తయారు చేసుకుంటున్నంతసేపూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చెప్పలేని మాటలు కొన్ని కొట్టేశాను. మిగిలినవి మీ ముందు పెడుతున్నాను.

ముందు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మన జిల్లాలకు ఈ చట్టాలు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లోనే బాలల చట్టం వచ్చింది. దేశంలో ఆ తరహా చట్టాల్లో అదే మొదటిది. పిల్లల్ని పెద్ద నేరస్తులతో కలిపి జైల్లో పెడితే మరింత చెడిపోతారన్న మాట వలస ప్రభుత్వమే ఒప్పుకుంది. దేశమంతటికీ ఒకే చట్టం 1986లో వచ్చింది. అందులో మగపిల్లలకు పదహారు, ఆడపిల్లలకు పద్దెనిమిది ఏళ్ళ పరిమితి పెట్టారు. బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో ఆమోదించింది. దానికి అనుగుణంగా 2000 చట్టంలో అందరికీ పద్దెనిమిదేళ్ళు చేశారు.

ఆ తర్వాత 2012 డిసెంబర్ వచ్చింది. ఢిల్లీ బస్సులో జరిగిన దారుణంలో నిందితులు ఆరుగురు. వారిలో ఒకడికి పద్దెనిమిది నిండలేదు. అతనికి మూడేళ్ళు పడింది. ఆ రోజుల్లో బందరు రోడ్డు మీద జరిగిన ఊరేగింపులో నేనూ నడిచాను. 'మైనరైనా ఉరి తీయాల్సిందే' అని రాసిన అట్ట పట్టుకుని ఒకమ్మాయి నా పక్కనే నడిచింది. అది దించమని నేను అనలేదు. ఆ రోజు నాకూ అలాగే అనిపించింది.

జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో నివేదిక ఇచ్చింది. మహిళల భద్రత కోసమే వేసిన ఆ కమిటీ కూడా వయసు తగ్గించమని చెప్పలేదు. సుప్రీంకోర్టు 2013లో ఒకసారి, 2014లో మరొకసారి తగ్గించడానికి నిరాకరించింది. పార్లమెంటు స్థాయీ సంఘం కూడా వద్దంది. అయినా 2015 డిసెంబర్‌లో ఢిల్లీ కేసులోని ఆ యువకుడు విడుదలైన రెండు రోజులకే రాజ్యసభ బిల్లు ఆమోదించింది. 2016 జనవరి 15 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది.

ఆ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని వాళ్ళంతా ఇప్పటికీ పిల్లలే. వాళ్ళని లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డు మూడేళ్ళకు మించి స్పెషల్ హోమ్‌లో ఉంచలేదు. అయితే పదహారు నిండిన పిల్లల మీద కనీసం ఏడేళ్ళ శిక్ష ఉన్న నేరారోపణ వస్తే మాత్రం, 15వ సెక్షన్ కింద బోర్డు 'ప్రాథమిక అంచనా' వేస్తుంది. అవసరమనుకుంటే కేసును చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతుంది. అక్కడ పెద్దవాడిలాగా విచారణ జరగవచ్చు. ఉరిశిక్ష గానీ, విడుదలకు వీలులేని యావజ్జీవం గానీ వేయకూడదు. ఇరవై ఒకటి నిండేదాకా భద్రతా గృహంలో ఉంచుతారు. అప్పటికి మారాడని కోర్టుకు నమ్మకం కలగకపోతే జైలుకు పంపవచ్చు.

ఒక సంగతి గమనించండి. ముచ్చుమర్రి పిల్లలకు ఈ సెక్షను వర్తించదు. 2025 ఆగస్టులో హైదరాబాదు కూకట్‌పల్లిలో పదేళ్ళ పాపను చంపాడని పోలీసులు పట్టుకున్న బాలుడి వయసు పద్నాలుగు. అతనికీ వర్తించదు. మన కోపానికి కొలమానం శిక్షే అయితే పదహారు దగ్గర ఆగడానికి కారణం లేదు. ఇవాళ పద్నాలుగు అంటాం, రేపు పన్నెండు అంటాం. ఎక్కడ ఆగాలో మనకు మనమే చెప్పుకోలేం.

ఇక నా అభ్యంతరాలు చెబుతాను.

మొదటిది ఆ 'ప్రాథమిక అంచనా' గురించి. ఆ పిల్లవాడికి నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి బోర్డు చూడాలి. మూడు నెలల్లో తేల్చాలి. ఇదంతా ఎప్పుడు? అతను నేరం చేశాడని రుజువు కాకముందు! చేశాడో లేదో తేలని పనిని ఏ పరిస్థితుల్లో చేశాడని ఎలా అడుగుతారు? గురుగ్రామ్‌లో 2017లో బడిలో ఒక చిన్న పిల్లవాడు హత్యకు గురయ్యాడు. పోలీసులు మొదట బస్సు కండక్టరును పట్టుకున్నారు. నేరం ఒప్పుకున్నాడని కూడా ప్రకటించారు. తర్వాత సీబీఐ అదే బడిలోని పదహారేళ్ళ విద్యార్థిని నిందితుడిగా చూపింది. ఆ కేసులోనే 2022 జూలైలో సుప్రీంకోర్టు ఈ అంచనా సున్నితమైన పని అనీ, బోర్డులో పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్ళు లేనప్పుడు నిపుణుల సాయం తీసుకుని తీరాలనీ చెప్పింది. అలాంటి నిపుణులు ప్రతి జిల్లా కేంద్రంలోనూ దొరుకుతారా అన్నది మీరే ఆలోచించండి.

రెండోది వయసు గురించి. మన ఊళ్ళల్లో సగం మంది జూన్ నెలలో పుట్టినవాళ్ళే. ఎందుకంటే బళ్ళో చేర్పించిన రోజు మాస్టారు రాసిందే పుట్టినరోజు. ఆ కాగితం కూడా లేని పిల్లలున్నారు. కైకలూరు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉండే కుటుంబాలున్నాయి. ఇటుక బట్టీలకు వలస వచ్చినవాళ్ళున్నారు. మన రైల్వే స్టేషన్లో రైలు దిగి అక్కడే పెరిగిన పిల్లలున్నారు. కాగితం లేకపోతే ఎముకల పరీక్షే ఆధారం. అది ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా చెప్పే పరీక్ష. పదిహేనా, పదహారా, పదిహేడా అన్న దాని మీద ఒక జీవితం ఆధారపడి ఉన్నప్పుడు, కాగితం ఉన్న ఇంటి పిల్లవాడికీ లేని ఇంటి పిల్లవాడికీ ఒకే న్యాయం జరుగుతుందని నేను నమ్మలేను.

"డబ్బున్నవాళ్ళ పిల్లలు తప్పించుకోకూడదనే కదా ఈ సెక్షను కావాలంటున్నాం" అని ఒక మిత్రురాలు నాతో వాదించింది. ఆమె వాదనలో బలం ఉంది. 2022 మేలో హైదరాబాదు జూబ్లీహిల్స్ కేసులో నిందితులైన మైనర్లు పేదింటి పిల్లలు కారు. వారిలో నలుగుర్ని పెద్దలుగా విచారించాలని బోర్డు ఆ ఏడాది సెప్టెంబర్‌లో చెప్పినప్పుడు చాలామంది సంతోషించారు. కానీ అలాంటి కుటుంబాలకు హైకోర్టు దాకా వెళ్ళే స్తోమత ఉంటుంది. చెరువు గట్టు మీద పెరిగిన పిల్లవాడి తరఫున 'అంచనా'ను ప్రశ్నించే వకీలు ఎవరు? ఒక్క కేసు చూసి సంతోషించి వందమంది మీద పడే సెక్షనును సమర్థించలేం.

పెద్దల కోర్టుకు వెళితే న్యాయం జరిగినట్టేనని మనం అనుకుంటున్నాం. ఈ ఊళ్ళో కూర్చుని ఆ మాట ఎలా అనగలం? 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిని దారుణంగా చంపారు. పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి తెచ్చి నేరస్తుడన్నారు. అమ్మాయి తల్లి మొదటి నుంచీ "ఇతను కాదు" అంటూనే ఉంది. 2010లో ఇక్కడి కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసింది. అతని జీవితంలో ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో పోయాయి. ఆ తల్లికి మాత్రం న్యాయం దక్కలేదు. చుండూరు ఈ డెల్టాలోదే. 1991 ఆగస్టులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరి మీదా కేసు కొట్టేసింది. పెద్దవాళ్ళకే న్యాయంగా పనిచేయని యంత్రంలోకి పదహారేళ్ళ పిల్లల్ని కూడా తోస్తే అది ఉన్నట్టుండి న్యాయంగా పనిచేస్తుందా?

మూడోది మనల్ని, మహిళా ఉద్యమాన్ని, నేరుగా తాకే విషయం. 2012 పోక్సో చట్టంతో పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టపడి వెళ్ళినా అది అత్యాచారమే. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష పదేళ్ళు. అంటే 15వ సెక్షనులోకి వచ్చే నేరమే. ఈ కథలు నేను గుడివాడ వైపు విన్నా, తెనాలి వైపు విన్నా ఒకే తీరుగా ఉంటాయి. ఇంటర్ చదివే అబ్బాయి, అమ్మాయి. కులాలు వేరు. ఇద్దరూ రైలెక్కుతారు. నాలుగు రోజుల్లో దొరుకుతారు. అమ్మాయి తండ్రి కిడ్నాపు, అత్యాచారం కేసు పెడతాడు. అమ్మాయి "నేనే వెళ్ళాను" అంటే వినేవాళ్ళు ఉండరు. అబ్బాయి కింది కులం వాడైతే కేసు మరింత గట్టిగా నడుస్తుంది. నెలలోపు అమ్మాయికి మేనరికం కుదురుస్తారు. మనం ముచ్చుమర్రి పాపను తలచుకుని అడిగిన కఠిన చట్టాన్ని కులపెద్దలు ఈ అబ్బాయి మీద వాడుతున్నారు. ఆడపిల్ల రక్షణ కోసమని తెచ్చినది ఆడపిల్ల ఇష్టాన్ని నొక్కేయడానికి పనికొస్తోంది.

పోనీ, ఇంత చేసినా ఆడపిల్లలకు భద్రత పెరుగుతుందా? పిల్లల్ని పెద్దల కోర్టులకు పంపడం అమెరికాలో ఎన్నో ఏళ్ళుగా ఉంది. అక్కడి ప్రజారోగ్య నిపుణుల బృందం ఒకటి 2007లో ఆ అధ్యయనాలన్నీ పరిశీలించింది. పెద్దల కోర్టుకు పంపిన పిల్లలు, బాలల వ్యవస్థలోనే ఉంచిన పిల్లల కంటే సుమారు 34 శాతం ఎక్కువగా మళ్ళీ అరెస్టయ్యారని తేల్చింది. అంటే మరో ఆడపిల్లకు ప్రమాదం పెరిగిందన్నమాట. మన దేశంలో 2022లో నమోదైన నేరాలు 58 లక్షలకు పైన. మైనర్ల మీద పెట్టిన కేసులు సుమారు 30 వేలు. వందకు ఒకటి కూడా కాదు. మిగతా తొంభై తొమ్మిదికి పైగా చేసిన పెద్దల సంగతి వదిలేసి ఈ ఒక్కదాని మీద ఇంత పట్టుదల ఎందుకు? పిల్లవాణ్ణి రాక్షసుడని అనేస్తే వాణ్ణి పెంచిన ఇల్లు, బడి, వాడి చేతికొచ్చిన ఫోన్లో బూతు బొమ్మలు అమ్ముకున్న వ్యాపారం, ఆడదంటే ఏమిటో వాడికి నేర్పిన మగ సమాజం అన్నీ తప్పుకోవచ్చు.

ఇక ఆ తల్లి ప్రశ్న మిగిలే ఉంది. ఇదంతా విని "మరి నా బిడ్డకేం జవాబు చెబుతారు?" అని ఆమె అడిగితే మన దగ్గర ఏముంది? నిజాయితీగా ఒప్పుకుందాం, ఇప్పటిదాకా మన దగ్గర ఏమీ లేదు. పిల్లవాడి పేరు బయటపెట్టకూడదన్న నియమం సరైనదే. కానీ ఆ నియమం చాటున బాధిత కుటుంబాన్ని కూడా గుమ్మం బయట నిలబెడుతున్నారు. కేసు ఏమైందో చెప్పే మనిషి ఉండడు. నిందితుణ్ణి ఎప్పుడు వదిలారో పక్కింటివాళ్ళ ద్వారా తెలుస్తుంది. కఠిన శిక్ష కావాలన్న కేక చాలాసార్లు ఈ గుమ్మం దగ్గరే పుడుతుంది.

కాబట్టి పిల్లల్ని పెద్దలుగా విచారించవద్దని అడిగే మనం, అంతే గట్టిగా కొన్ని అడగాలి. బాధిత కుటుంబానికి ప్రతి దశలో సమాచారం ఇవ్వాలి. బోర్డు ముందు తమ మాట చెప్పుకునే అవకాశం ఉండాలి. పరిహారం వాళ్ళు కాళ్ళరిగేలా తిరగకుండా అందాలి. ఆ మూడేళ్ళు హోమ్‌లో గోడల మధ్య గడిచిపోకూడదు. చేసిన పని ఏమిటో ఆ పిల్లవాడు ఎదుర్కొనేలా చదువు, చికిత్స, రోజువారీ శ్రమ ఉండాలి. బయటికొచ్చాక కూడా ప్రొబేషన్ అధికారి వెంట ఉండాలి. మన సంఘాల నుంచి మహిళలు ఈ హోమ్‌లకు వెళ్ళి చూసే హక్కు కోసం పోరాడాలి. బళ్ళల్లో మగపిల్లలతో మాట్లాడే పనిని, 'అది మన పని కాదు' అని ఇంతకాలం వదిలేసిన పనిని, ఇకనైనా మొదలుపెట్టాలి.

ఆ తల్లికి ఇవి చాలవు. ఏదీ చాలదు. ఉరి కూడా చాలదు. ఆమె కోపం న్యాయమైనది. తగ్గించుకోమని చెప్పే హక్కు మనకెవరికీ లేదు. కానీ ఆమె కోపాన్ని అప్పు తెచ్చుకుని చట్టాలు రాయించినవాళ్ళు ఆ తర్వాత ఆమె గుమ్మం తొక్కలేదు. మనం తొక్కుదాం.

నాతో విభేదించేవాళ్ళు ఈ సభలోనే ఉన్నారని తెలుసు. ఆ చర్చ కోసమే వచ్చాను.