అనుమానపు ఫైలు – మన తనిఖీ

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా ఫైళ్లు మోసినవాడిని. అవి ఎర్ర టేపు కట్టిన అట్ట ఫైళ్లు. ఈ రోజు నన్ను మాట్లాడమన్నది చేతికి దొరకని ఫైళ్లను గురించి. కార్యదర్శి గారు పది నిమిషాలే ఇచ్చారు గనుక విషయానికి వస్తాను.

2024 వేసవిలో మన సంఘ కార్యాలయంలో ప్రింటరు మొరాయించింది. సాయానికి వచ్చిన కుర్రవాడు ఇంటర్నెట్‌లో వెదికి, మొదట కనబడిన చోటు నుంచి డ్రైవరు దించాడు. మర్నాటి నుంచి కంప్యూటరు తెరిస్తే చాలు, ఎర్ర అక్షరాలు: మీ కంప్యూటరులో 1,284 దోషాలున్నవి, సరిచేయుటకు రుసుము చెల్లించండి అని. రుసుము రెండు వేల చిల్లర. కోశాధికారి గారు కట్టేద్దామన్నారు. మరొక మిత్రుడు ఇది వైరస్, పెట్టెనే మార్చాలన్నారు. ఆ పెట్టెలో సభ్యులందరి పి.పి.ఓ. నెంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్నాయి. డబ్బు పోయినా, వివరాలు పోయినా జవాబు చెప్పవలసింది సంఘమే. అందుచేత రెండు సలహాలనూ పెండింగులో పెట్టి, ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని తనిఖీకి దిగాను.

తపాలా వస్తే మనం మొదట చూసేది ఎక్కడి నుంచి వచ్చిందని. ఈ ఫైలు ప్రింటరు తయారుచేసిన కంపెనీ సైటు నుంచి రాలేదు. మధ్యవర్తి సైటు నుంచి వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉన్న గడిని మనవాడు చూడలేదు. ఆ టిక్కే మన సమ్మతి సంతకమన్నమాట.

తరువాత పేరు. విండోస్ మామూలుగా ఫైలు తోకను దాచిపెడుతుంది. పెన్షన్.పి.డి.ఎఫ్. అని కనబడేది అసలు పెన్షన్.పి.డి.ఎఫ్.ఇ.ఎక్స్.ఇ. కావచ్చు. మన ఫైలుకు ఆ దొంగవేషం లేదు.

ఫైలు మీద కుడి బటను నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళితే డిజిటల్ సిగ్నేచర్స్ అనే పుట ఉంటుంది. సంతకం ఉంది, చెల్లుబాటూ అవుతుంది. అయితే సంతకం ప్రింటరు కంపెనీది కాదు, ఎన్నడూ వినని మరో కంపెనీది. ఇక్కడ చాలామంది పొరబడతారు. సంతకం చెప్పేది కాగితం ఎవరు పంపారన్నదే. పంపినవాడు మంచివాడని అది పూచీ పడదు. రబ్బరు స్టాంపు ఉన్న ప్రతి అర్జీ నిజమని మనం ఏనాడైనా నమ్మామా?

ఆ తరువాత వైరస్‌టోటల్. 2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన సైటు ఇది. డెబ్బై దాకా యాంటీవైరస్‌ల అభిప్రాయం ఒకేచోట చూపుతుంది. ఫైలునే పంపనక్కరలేదు. ప్రతి ఫైలుకూ 64 అక్షరాల వేలిముద్ర ఉంటుంది, అది ఇచ్చి వెదికితే చాలు. పెన్షను కాగితాలను మాత్రం అక్కడికి ఎక్కించకండి, ఎక్కించిన ఫైళ్లను చందా కట్టిన సంస్థలు దించుకోగలవు. మన ఫైలుకు పదకొండు యాంటీవైరస్‌లు అభ్యంతరం చెప్పాయి. ఒకటి రెండే చెబితే, అదీ జెనరిక్ వంటి మొక్కుబడి పేరుతో చెబితే, పొరపాటు కావచ్చు. ఇక్కడ పదకొండూ ఇంచుమించు ఒకే మాట అన్నాయి: పి.యు.ఎ. అనగా పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ అప్లికేషన్. అక్కరలేనిది కాగల సాఫ్ట్‌వేరు.

ఇంత నంగిమాట ఎందుకని మనవరాలిని అడిగాను. ఇది గోడదూకి వచ్చే దొంగ కాదు తాతయ్యా, మన టిక్కు చూపించి లోపలికొచ్చే పిలవని చుట్టం అంది. ఇటువంటి కంపెనీలు కోర్టుకు కూడా వెళతాయి. తన సాఫ్ట్‌వేరును అడ్డుకుందని జాంగో అనే కంపెనీ అమెరికాలో కాస్పర్‌స్కీ మీద దావా వేసింది. 2009లో అప్పీలు కోర్టు కాస్పర్‌స్కీ పక్షానే తీర్పు చెప్పింది. అందుకే మాట మెత్తగా ఉన్నా బరువు తక్కువని అనుకోరాదు.

ఇన్ని చూసినా, నాకు నమ్మకం కుదిర్చింది ఆ 1,284 దోషాల జాబితాయే. తెరిచి వరుసగా చదివాము. అధికభాగం బ్రౌజరు దాచుకునే కుకీలు, తాత్కాలిక ఫైళ్లు. చెత్తబుట్టలోని కాగితాలు లెక్కపెట్టి ఇన్ని ఆడిట్ అభ్యంతరాలని రాసినట్లుంది! అమెరికాలో ఇంతకన్నా ఘోరం జరిగింది. ఆఫీస్ డిపో దుకాణాలలో చేసిన ఉచిత పరీక్షలో మొదట నాలుగు ప్రశ్నలు ఉండేవి. ఏ ఒక్కదానికి అవునన్నా చాలు, వైరస్ లక్షణాలున్నట్లు ఫలితం వచ్చేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆ సంస్థ, దాని భాగస్వామి సపోర్ట్.కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డాయి.

కోశాధికారి గారు చెక్కు పుస్తకం లోపల పెట్టేశారు. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా నుంచి దాన్ని తొలగించాము. బ్రౌజరులో అదే తెచ్చిన ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంటే తీసేశాము. పూర్తి స్కాను నడిపాము. విండోస్ సెక్యూరిటీలో పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ అనే మీట ఆపి ఉంటే వేశాము, ఇళ్లలో మీరూ చూసుకోండి. దాని ఒప్పందపత్రంలో వాడకపు వివరాలు సేకరిస్తామని ఉండడం వల్ల, సభ్యుల జాబితాను పాస్‌వర్డు పెట్టిన వేరే డ్రైవులోకి మార్చి, ఈమెయిలు పాస్‌వర్డు మార్చాము. ప్రింటరుకు డ్రైవరు తయారీదారు సైటు నుంచే దించాము.

ఫోనుల సంగతి వేరు. జీవన ప్రమాణ పత్రం పేరుతో వాట్సాప్‌లో ఏ.పి.కె. తోకతో ఫైలు వస్తే ఈ తనిఖీలేవీ వద్దు, తెరవకుండా తీసేయండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోను చేయండి.

అనుమానపు ఫైళ్లున్నవారు శనివారం ఉదయం సంఘ కార్యాలయానికి రావచ్చు, నేనుంటాను. పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవారు మాత్రం ముందు నాకు చెప్పి, ఆ తరువాతే జేబులోంచి తీయవలెను.