ఎక్స్‌టెన్షన్ మెయిల్ ఏ తారీఖున వచ్చింది?

1099 మీద కాంట్రాక్ట్ చేసేవాళ్ల ట్రావెల్ ఖర్చుల గురించి చెప్తానన్నాను కదా. నాకు తగిలిన దెబ్బతోనే మొదలుపెడతాను. ముందే చెప్తున్నా, నేను సీపీఏని కాను.

మా ఇల్లు డాలస్‌లో. ప్రాజెక్టు షార్లెట్‌లో. జనవరి నుంచి 10 నెలలు అని కాంట్రాక్టులో రాశారు. సోమవారం తెల్లవారుజామున ఫ్లైట్, గురువారం రాత్రి ఇంటికి. టికెట్లు, హోటలు, అద్దె కారు, అన్నీ ఎక్సెల్‌లో రాసుకున్నా. షెడ్యూల్ సీలో ఇవన్నీ చూపించుకోవచ్చు, తిండి మాత్రం సగమే.

జూలై ఆఖర్లో క్లయింటు నుంచి మెయిల్: ఇంకో ఏడాది పొడిగిస్తున్నాం అని. ఆ రాత్రి మా ఇంట్లో సేమ్యా పాయసం!

మార్చిలో సీపీఏ గారు అడిగింది ఒక్కటే. "ఆ మెయిల్ ఏ తారీఖున వచ్చిందండీ?"

12 నెలలు నిండేదాకా క్లెయిమ్ చేసుకోవచ్చని నేననుకున్నా. కాదట. ఒకే చోట పని ఏడాదిలోపు అయిపోతుందని మనం నిజంగా అనుకున్నంతకాలమే అది తాత్కాలికం. దాటుతుందని తెలిసిన రోజు నుంచి ఆ ఊరే మన ట్యాక్స్ హోమ్ కింద లెక్క. అంటే ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పెట్టిన 14,000 డాలర్లూ లిస్టులోంచి పోయాయి. జూలై దాకా పెట్టినవి మాత్రం నిలిచాయి, ఎందుకంటే 10 నెలలని రాసిన కాంట్రాక్టు కాగితం చేతిలో ఉంది.

నాకు ఎక్కువ బాధ అనిపించింది ట్యాక్స్ గురించి కాదు. పాత రేటుకే పొడిగింపు మీద సంతకం పెట్టేశాను. ప్రయాణం ఖర్చు ఇక నా జేబులోంచే అని తెలిసుంటే, రేటు పెంచమని ఆ రోజే అడిగేవాణ్ణి.

ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, నేను అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేశా, సామానంతా కారులోనే, ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి. నాకు అంతా ప్రయాణమే కదా?" అని. పాపం, అద్దె మిగిలిందని సంబరపడుతున్నాడు. నీకంటూ ఒక స్థిరమైన చోటు లేకపోతే నువ్వు 'ఇంటికి దూరంగా' ఉన్నట్టే కాదు నాన్నా. హోటలు, తిండి ఏదీ రాదు.

డబ్ల్యూ-2 మీద ఉన్నవాళ్లకు ఇవేవీ వర్తించవు. 2018 నుంచి ఫెడరల్ రిటర్న్‌లో ఆ దారి మూసేశారు. ఎంప్లాయర్‌నే అడగండి, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే.

మైలేజ్ లాగ్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండీ.